మాత్రలు మింగినా రక్తం పట్టలేదు: గ్రీన్ టీ అలవాటు మీద ఒక కేస్ స్టడీ

(రోగి ఎవరో తెలిసే వివరాలు మార్చాం. పరీక్షల అంకెలు చికిత్స క్రమం అర్థమయ్యేందుకు ఇచ్చాం.)

ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కనిగిరి వైపు పల్లెలో ఉండే 42 ఏళ్ళ గృహిణి. బరువు 74 కిలోలు, ఎత్తు 154 సెంటీమీటర్లు, అంటే బీఎంఐ 31 పైచిలుకు. ఒంగోలు వచ్చి చూపించుకున్నప్పుడు చెప్పిన బాధలు ఇవి: మేడ మెట్లు ఎక్కితే ఆయాసం, గుండె దడ, మధ్యాహ్నమయ్యేసరికి కాళ్ళు లాగేయడం, రాత్రి ఒంటిగంట దాకా నిద్ర పట్టకపోవడం, మోకాళ్ళ నొప్పులు. రెండు నెలల కిందట స్థానికంగా చేయించిన పరీక్షలో హిమోగ్లోబిన్ 9.1 ఉంది. అప్పటి నుంచి ఐరన్ మాత్ర రోజూ వేసుకుంటోంది. మళ్ళీ చూస్తే 8.9. మాత్ర మానలేదని ఆవిడా చెప్పింది, ఖాళీ స్ట్రిప్పులూ చూపించింది.

మిగతా పరీక్షలు: ఎంసీవీ (ఎర్రకణం సైజు) 71, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) 7, థైరాయిడ్ మామూలు, లివర్ ఎంజైములు మామూలు, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 138, బీపీ 134/86, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 5.9. ఎర్రకణాలు చిన్నవై, ఫెర్రిటిన్ ఇంతగా పడిపోయిందంటే ఐరన్ లోపమేనని అనుమానం లేకుండా చెప్పవచ్చు. తేలాల్సింది ఒక్కటే. మింగిన ఐరన్ ఎటు పోతోంది?

ఆహార చరిత్రలో దొరికినవి

మాత్ర వేసినా హిమోగ్లోబిన్ కదలకపోతే మూడు కారణాలు వెతకాలి: మాత్ర సరిగా వేసుకోకపోవడం, వేసుకున్నది పేగులో ఇంకకపోవడం, ఇంకినదానికంటే ఎక్కువ రక్తం పోవడం. మొదటిది లేదని తేలింది. మూడోది కొంత ఉంది. నెలసరి ఆరేడు రోజులు, మొదటి మూడు రోజులు గడ్డలతో ఎక్కువగా అవుతోంది. స్కాన్‌లో చిన్న ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో గడ్డ) కనిపించింది, దాన్ని గైనకాలజిస్టు చూసుకున్నారు. కానీ ఈ నెలసరి తీరు నాలుగేళ్ళుగా ఇలాగే ఉంది, హిమోగ్లోబిన్ మాత్రం గత ఏడాది వరకు 11 దగ్గర ఉండేది. కాబట్టి ఈ ఏడాదిలో కొత్తగా ఏం మారిందో చూడాలి.

మారింది టీ. ఏడు నెలల కిందట పాల టీ మానేసి గ్రీన్ టీ మొదలుపెట్టింది. కొవ్వు కరుగుతుందని చుట్టాలు చెప్పారు. "ఎన్ని కప్పులు తాగుతారు?" అని అడిగితే వచ్చే జవాబు పెద్దగా ఉపయోగపడదు. నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా గంటల వారీగా చెప్పించాలి. అలా చెప్పిస్తే వచ్చిన లెక్క ఇది:

తెల్లవారి 5:30కి పరగడుపున ఒకటి. టిఫిన్ అవగానే ఒకటి. మధ్యాహ్నం అన్నం తినగానే ఒకటి, ఐరన్ మాత్ర మింగేది ఆ కప్పుతోనే. సాయంత్రం 5కి ఒకటి. రాత్రి భోంచేశాక మరొకటి. కప్పుకు రెండు బ్యాగులు. వేడినీళ్ళలో ముంచి తీయడం కాదు, పాల టీ కాచినట్టే గిన్నెలో పడేసి ఐదారు నిమిషాలు మరిగించడం. ప్రతి కప్పులో రెండు చెంచాల తేనె. పరగడుపు కప్పు పడ్డాక కడుపులో మంట, వికారం, దానికి రోజూ పొద్దున్నే ఒక గ్యాస్ మాత్ర.

పైగా గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ (గాఢమైన సారం) కాప్సూళ్ళ డబ్బా ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించి, బరువు ఇంకా తగ్గడం లేదని వచ్చే నెల నుంచి వేసుకుందామని ఉంచుకుంది.

ఐరన్ ఎక్కడ ఆగిపోయింది

టీ ఆకును కోసిన వెంటనే ఆవిరి పట్టించో పెనం మీద వేడిచేసో దానిలోని ఎంజైమును ఆపేస్తే ఆకు ఆకుపచ్చగానే మిగులుతుంది. అదే గ్రీన్ టీ. మామూలు టీపొడిలో ఆక్సీకరణ జరిగి వేరే పదార్థాలుగా మారిపోయే కేటచిన్‌లు (ఆకులోని వగరు పదార్థాలు) ఇందులో చాలావరకు అలాగే ఉంటాయి. వాటిలో పెద్ద వాటా ఈజీసీజీది. గ్రీన్ టీకి ఉన్న మంచి పేరంతా ఈ కేటచిన్‌లదే. ఐరన్‌ను పట్టుకునేవీ ఇవే. వీటిలోని గాలోయిల్ అనే రసాయన భాగం పేగులో ఐరన్‌తో కలిసి కరగని ముద్దగా మారుతుంది, ఆ ముద్ద మలంతో పోతుంది. పప్పు, ఆకుకూర, సజ్జలు, రాగుల నుంచి వచ్చే ఐరన్‌కు ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. మాంసం, చేపల్లోని హీమ్ ఐరన్‌కు తక్కువ. టీ ఎంత గాఢంగా ఉంటే, భోజనానికి ఎంత దగ్గరగా తాగితే నష్టం అంత ఎక్కువ. భోజనంతోపాటు గాఢమైన టీ పడితే శాకాహార ఐరన్ ఇంకడం సగానికి పైగా పడిపోవచ్చు. గంట తేడా ఇస్తే ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది.

ఈవిడ వారానికి ఒకరోజు, ఆదివారం మాత్రమే మాంసాహారం తింటుంది. మిగతా ఆరు రోజులు అన్నం, పప్పు, ఏదో ఒక కూర, చారు, మజ్జిగ. మన దేశపు స్త్రీలకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో లెక్కకట్టింది. అంత పెద్ద అంకె పెట్టడానికి కారణం మన భోజనంలోని ఐరన్‌లో ఒంటికి పట్టేది కొద్ది శాతమే కావడం. ఆ కొద్దీ మూడు పూటలా టీలోకి పోతుంటే మిగిలేది ఏముంటుంది? మాత్రలోని ఐరన్‌దీ అదే గతి, మింగినది ఆ కషాయంతోనే కాబట్టి. ఐరన్ ఇంకాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి, గ్యాస్ మాత్ర దాన్నీ తగ్గించేసింది. ఐరన్ మాత్రతోపాటు ఉండే ఫోలిక్ యాసిడ్ గ్రహణాన్ని కూడా గ్రీన్ టీ కొంత తగ్గిస్తుంది.

ఇక్కడ ఒక వలయం ఏర్పడింది. రక్తం తగ్గి నీరసం, నీరసానికి విరుగుడుగా ఇంకో కప్పు, రాత్రి కప్పుతో నిద్ర చెడి మర్నాడు మరింత నీరసం. ఒక్కో బ్యాగులో సుమారు 30 మిల్లీగ్రాముల కెఫీన్ అనుకున్నా రోజుకు పది బ్యాగులకు 300 మిల్లీగ్రాములు. ఐసీఎంఆర్, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజు పరిమితి కచ్చితంగా అంతే. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దని చెప్పిందీ ఆ మార్గదర్శకాలే.

ఇది ఒక్క ఇంటి సమస్య అయితే ఇంత వివరంగా రాయనక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే గ్రీన్ టీ సలహా ఇచ్చే ముందు ఎదురుగా ఉన్న స్త్రీకి రక్తం తక్కువగానే ఉండొచ్చని అనుకుని మొదలుపెట్టాలి.

నీళ్ళ లెక్క

బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే పశ్చిమ ప్రకాశం నుంచి వచ్చిన ఎవరినైనా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: టీ ఏ నీళ్ళతో కాస్తారు? ఈ ఇంట్లో తాగడానికి ఆర్‌ఓ ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్ వస్తుంది. వంటకూ టీకీ మాత్రం బోరు నీళ్ళే. "మరిగే నీళ్ళే గదా మేడమ్, మరిగితే అన్నీ పోతాయి గదా" అన్నది ఆవిడ మాట. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి. ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. నీరు ఆవిరై ఫ్లోరైడ్ మిగలడంతో గిన్నెలో దాని గాఢత పెరుగుతుంది.

ఆ బోరు నీళ్ళ పరీక్ష కాగితంలో ఫ్లోరైడ్ లీటరుకు 2.4 మిల్లీగ్రాములు. భారతీయ ప్రమాణంలో వాంఛనీయం 1.0, వేరే దారి లేనప్పుడు ఒప్పుకునే గరిష్ఠం 1.5. టీ మొక్క కూడా నేలలోని ఫ్లోరైడ్‌ను పీల్చుకుని ఆకులో దాచుకుంటుంది. లేత చిగురులో తక్కువ, ముదురు ఆకులో ఎక్కువ, అందుకే చవక రకాల్లో ఎక్కువ ఉంటుంది. కాచిన గ్రీన్ టీ లీటరులో ఆకు నుంచే 1 మిల్లీగ్రాము దాకా రావచ్చు, గాఢంగా కాస్తే ఇంకా పైకి.

ఈవిడ కప్పుకు 250 మిల్లీలీటర్ల నీళ్ళు పెట్టి 180 అయ్యేదాకా కాస్తోంది. ఐదు కప్పులకు 1.25 లీటర్ల బోరు నీళ్ళు, అంటే 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. ఆకు నుంచి ఇంకో 1. అన్నం, పప్పు, చారులో కలిసి ఈవిడ వంతుకు వచ్చే నీళ్ళు లీటరుకు కాస్త తక్కువ అనుకున్నా 2. మొత్తం 6కు చేరింది. రోజుకు 6 మిల్లీగ్రాముల దగ్గర ఎముకలపై ప్రభావం మొదలయ్యే ప్రమాదం పెరుగుతుందని, 14 దగ్గర అది స్పష్టంగా కనిపిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సముద్రం ఒడ్డున కొత్తపట్నంలోనో, నెల్లూరు పట్టణంలోనో ఇదే అలవాటు ఉన్నవాళ్ళకు ఈ లెక్క వేరుగా వస్తుంది. అక్కడ నీటి పరీక్షే ముందు చూడాలి.

మోకాళ్ళ నొప్పికి ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ పేరుకుని ఎముకలకు వచ్చే జబ్బు) కారణమా? మోకాళ్ళు వంచకుండా వంగి కాలివేళ్ళు తాకించడం, గడ్డం ఛాతీకి ఆనించడం, రెండు చేతులూ తల వెనక్కి పెట్టించడం, ఈ మూడూ చేయిస్తే మెడలో, వెన్నులో, భుజాల్లో బిగుతు ఉందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. మూడూ చేయగలిగింది. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల నడుమ పొరలో సున్నం పేరుకోలేదు. మోకాలి ఎక్స్‌రేలో తొలిదశ అరుగుదల, దానికి బరువు చాలు. కాబట్టి నొప్పికి టీని తప్పుపట్టలేదు, నీళ్ళు మాత్రం మార్పించాం. ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను బయటకు లాగే మందు లేదు, చేరకుండా చూసుకోవడమే ఉంది.

మరి మేలు ఎంత?

ఉంది. కానీ దాని కొలత తెలియాలి. 2011లో 14 క్లినికల్ ట్రయల్స్‌ను కలిపి చూసిన విశ్లేషణలో గ్రీన్ టీ మొత్తం కొలెస్ట్రాల్‌ను సుమారు 7, ఎల్‌డీఎల్‌ను సుమారు 2 మిల్లీగ్రాములు తగ్గించింది. పై బీపీ మీద ప్రభావం 2 పాయింట్ల దగ్గర. ఎల్‌డీఎల్ 138 ఉన్న మనిషికి ఇది మందు స్థానంలో నిలబడదు. బరువు విషయంలో, వైద్య అధ్యయనాలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2012 సమీక్ష స్పష్టంగా చెప్పింది: తగ్గుదల చాలా స్వల్పం, వైద్యపరంగా లెక్కకు రాదు. క్యాన్సర్ నివారణ మీద అదే సంస్థ 2020 సమీక్ష ఏ నిర్ధారణకూ రాలేకపోయింది.

జపాన్‌లోని మియాగి ప్రాంతంలో 40,530 మందిని 11 ఏళ్ళ పాటు గమనించిన ఒహ్సాకి అధ్యయనం 2006లో వచ్చింది. రోజుకు ఐదు లేదా అంతకంటే ఎక్కువ కప్పులు తాగినవారిలో గుండె, రక్తనాళాల జబ్బుల మరణాలు తక్కువగా కనిపించాయి, స్త్రీలలో ఆ తేడా ఎక్కువ. క్యాన్సర్ మరణాల్లో తేడా లేదు. "ఐదు కప్పులు" అనే మాట ఇలాంటి అధ్యయనాల నుంచే వాట్సాప్ దాకా వస్తుంది. అక్కడి కప్పు 100 మిల్లీలీటర్లన్న సంగతి, అందులో తేనె కలపరన్న సంగతి దారిలో జారిపోతాయి. పైగా అది గమనించిన అధ్యయనమే. చేపలు, నడక, తిండి కొలత అన్నీ ఆ మనుషులతోనే ఉన్నాయి.

మన దగ్గర గ్రీన్ టీతో వచ్చే అసలు లాభం మరోచోట ఉంది. 100 మిల్లీలీటర్ల పాల టీలో సగం పాలు, రెండు చెంచాల చక్కెర ఉంటే సుమారు 75 కేలరీలు. రోజుకు నాలుగు తాగేవాళ్ళకు 300. దాని స్థానంలో ఏమీ కలపని గ్రీన్ టీ వస్తే ఆ 300 మిగులుతాయి. ఈవిడకు అవి మిగల్లేదు. రెండు చెంచాల తేనె 42 కేలరీలు, ఐదు కప్పులకు 210. ఏడు నెలలు పట్టుగా తాగినా కిలో కూడా తగ్గకపోవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు. తేనె సహజమే, అయినా చక్కెరే.

చేసిన మార్పులు

కాప్సూళ్ళ డబ్బా మొదట పక్కన పెట్టించాం. కాచిన టీకీ ఎక్స్‌ట్రాక్ట్‌కీ చాలా తేడా ఉంది. సప్లిమెంట్ల ద్వారా రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ వెళ్తే లివర్ ఎంజైములు పెరుగుతున్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో తేల్చింది. ఖాళీ కడుపుతో వేసుకుంటే రక్తంలోకి మరింత ఎక్కుతుంది. కొందరిలో జన్యుపరంగా ఈ హాని అవకాశం ఎక్కువ, ఎవరిలోనో ముందే తెలియదు. కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగు, కుడివైపు డొక్కలో నొప్పి వస్తే ఆ రోజే ఆపి లివర్ పరీక్ష చేయించాలి.

టీని మాన్పించలేదు. పూర్తిగా మానమంటే పాల టీకి తిరిగి వెళ్తారు, అది అన్నం పక్కన ఇదే ఇబ్బంది పెట్టి చక్కెరనూ మోసుకొస్తుంది. రోజుకు రెండు కప్పులు, ఉదయం 11కి ఒకటి, సాయంత్రం 4:30కి ఒకటి. టిఫిన్ 8:30కి, అన్నం 1కి, రాత్రి భోజనం 8కి ఉండే ఇల్లు కాబట్టి ఈ వేళలకు రెండు వైపులా గంటకు పైనే తేడా ఉంటుంది. పరగడుపు కప్పు, భోజనం తర్వాతి కప్పులు పోయాయి. పరగడుపు కప్పు పోయిన పది రోజులకే కడుపు మంట తగ్గింది, వైద్యుడి సలహాతో గ్యాస్ మాత్ర ఆపగలిగాం.

కాచే పద్ధతి: 150 నుంచి 200 మిల్లీలీటర్ల నీళ్ళకు ఒక బ్యాగు, లేదా 2 గ్రాముల ఆకు. నీళ్ళు 80 డిగ్రీల దగ్గర ఉండాలి. థర్మామీటరు అక్కర్లేదు. మూడు వంతుల మరిగే నీళ్ళలో ఒక వంతు మామూలు తాగే నీళ్ళు కలిపితే దాదాపు అక్కడికే వస్తుంది. ఆకు వేసి మూత పెట్టి రెండు, మూడు నిమిషాలు, అంతే. బ్యాగును చెంచాతో పిండకూడదు. నాలుక పిడచకట్టేంత వగరు ఉందంటే నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయి, లేదా ఎక్కువసేపు నానింది. తేనె కావాలనిపించేది ఆ వగరు వల్లనే. సరిగా దించిన గ్రీన్ టీకి తీపి అక్కర్లేదని రెండో వారానికి ఆవిడే ఒప్పుకుంది. నీళ్ళు క్యాన్‌వి. నిమ్మరసం కొన్ని చుక్కలు వేసుకోవచ్చు, కేటచిన్‌లు చెడకుండా అది కాపాడుతుంది. పాలు వద్దు. వేసవిలో చల్లటి నీళ్ళలో ఆకు వేసి ఫ్రిజ్‌లో నాలుగైదు గంటలు ఉంచి వడకట్టినా బాగుంటుంది, చేదూ కెఫీనూ తగ్గుతాయి. ప్యాకెట్ తెరిచాక గాలి చొరని డబ్బాలో, స్టవ్‌కు దూరంగా పెట్టాలి. ఆకు గోధుమరంగుకు తిరిగి వాసన పోయిందంటే కేటచిన్‌లు చాలావరకు పోయినట్టే.

ఐరన్: వైద్యుడు 100 మిల్లీగ్రాముల ఫెర్రస్ ఆస్కార్బేట్ రోజు మార్చి రోజు రాశారు. ఒక మోతాదు పడ్డాక దాదాపు ఒకరోజు పాటు హెప్సిడిన్ (ఐరన్ ఇంకడాన్ని అదుపుచేసే హార్మోన్) పెరిగి పేగు ఐరన్‌ను తక్కువగా తీసుకుంటుంది. రోజు విడిచి ఇస్తే ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ ఇంకుతుంది, మలబద్ధకమూ తగ్గుతుంది. ఉదయం 6కి ఉప్పు, చక్కెర లేని నిమ్మకాయ నీళ్ళతో వేసుకుని గంట దాకా ఏమీ తినకూడదు. కాల్షియం మాత్ర ఉంటే దాన్ని రాత్రికి మార్చాలి.

భోజనంలో పెద్ద మార్పులు పెట్టలేదు. పప్పులో వారానికి నాలుగు రోజులు తోటకూరో మునగాకో, కంచంలోనే అరచెక్క నిమ్మకాయ పిండుకోవడం. గూడూరు, పొదలకూరు నిమ్మకాయలకు పేరున్న ప్రాంతం పక్కనే ఉంది, కాయ ఏడాది పొడవునా దొరుకుతుంది. విటమిన్ సి పప్పులోని ఐరన్‌ను ఇంకే రూపంలో ఉంచుతుంది. వండేటప్పుడు కాకుండా దించాక పిండాలి, వేడికి సి పోతుంది. వారానికి రెండు రోజులు చేపల పులుసు చేర్చాం. చేప పక్కన ఉంటే అన్నం, కూరల ఐరన్ కూడా మెరుగ్గా పడుతుంది. అన్నం, పప్పు, చారుకు కూడా ఆర్‌ఓ నీళ్ళు వాడాలి. నలుగురి ఇంటికి రోజుకు ఆరేడు లీటర్లు అదనం. ఇంట్లోవాళ్ళు గొణిగింది ఈ ఒక్కదానికే.

తర్వాత

ఆరు వారాలకు హిమోగ్లోబిన్ 10.4. మెట్ల ఆయాసం తగ్గింది, పదిన్నరకు నిద్ర పడుతోంది. పన్నెండు వారాలకు హిమోగ్లోబిన్ 11.8, ఫెర్రిటిన్ 22, బరువు 71.2. నెలసరి రక్తస్రావానికి వాడిన మందు పాత్ర ఇందులో ఉంది. అది లేకుండా టీ వేళలు మార్చినంత మాత్రాన ఇంత వచ్చేది కాదు. ఎల్‌డీఎల్ 131, బీపీ 128/82. తగ్గిన బరువును పక్కన పెట్టి దీన్ని గ్రీన్ టీ ఖాతాలో వేయలేం.

హెచ్‌బీఏ1సీ 5.9 నుంచి 5.6కి దిగింది. దీని విషయంలో జాగ్రత్త అవసరం. ఐరన్ లోపంలో ఎర్రకణాలు ఎక్కువ రోజులు తిరుగుతాయి, దాంతో ఈ అంకె అసలుకంటే పైకి కనిపిస్తుంది. మొదటి 5.9 చూసి ప్రీడయాబెటిస్ (షుగర్ జబ్బుకు ముందు దశ) అని ముద్ర వేయలేదు, అలాగే ఇప్పటి 5.6ను టీ గొప్పగానూ చెప్పడం లేదు. షుగర్ సంగతి తేల్చడానికి పరగడుపు, భోజనం తర్వాతి పరీక్షలే నమ్మకం.

ఫెర్రిటిన్ ఇంకా తక్కువే. హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా ఐరన్ మాత్ర మరో మూడు నెలలు కొనసాగుతుంది, నిల్వలు నిండేదాకా ఆపకూడదు. ఆ మూడు నెలలూ గ్రీన్ టీ రెండు కప్పులు దాటకూడదని రాసిచ్చాం. గర్భిణులకు, గర్భం కోసం చూస్తున్నవాళ్ళకు, రక్తం పలచబడే మందు వార్ఫరిన్ వాడేవాళ్ళకు, పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళకు ఈ షెడ్యూలు యథాతథంగా వర్తించదు. వాళ్ళు టీ వేళనూ కప్పుల సంఖ్యనూ తమ మందుల చీటీ ముందు పెట్టుకుని వైద్యుడితో నిర్ణయించుకోవాలి.